గరుడవలస ఆఫీసులో వెన్ను బలం

గరుడవలస పురపాలక సంఘానికి వెన్నెముక లేదని ఒకరోజు పేపర్లో వచ్చింది. రాసినవాడి ఉద్దేశం వేరు. బస్టాండు ఎదురుగా మురుగుకాలవ మీద ఒక పెద్దమనిషి అంతస్తు మీద అంతస్తు వేసి లాడ్జీ కట్టుకుపోతుంటే ఆఫీసులో ఒక్కరూ నోరెత్తలేదని అతని బాధ. కానీ కమిషనర్ నరహరి గారు ఏ మాటకైనా నిఘంటువులో ఉన్న అర్థమే తీసుకునే మనిషి. పైగా ఆయన కొత్తగా జిమ్ముకు వెళుతున్నారు. కొత్తగా జిమ్ముకు వెళ్లేవాళ్లకు లోకంలో ఉన్న కష్టాలన్నీ కండరాల లోపాలుగానే కనిపిస్తాయి.

ఆయన వెంటనే సిబ్బంది ఆరోగ్యం గురించి ఆరా తీయించారు. సగంమందికి పైగా నడుంనొప్పి అని తేలింది. పేపరువాడు రాసింది అక్షరాలా నిజమని ఆయన మీటింగు పెట్టి ఒప్పేసుకున్నారు. అంత నిజాయితీగా తప్పు ఒప్పుకున్న కమిషనర్‌ను గరుడవలస అంతకుముందు చూడలేదు. ఆ సంతోషంలో లాడ్జీ మాట అందరూ మరిచిపోయారు. దానికి ఇంకో అంతస్తు లేచింది.

ఆఫీసులో నడుంనొప్పి అంటే ముందు చెప్పుకోవలసిన పేరు ముకుందరావుది. నీటి సరఫరా విభాగంలో సూపరింటెండెంటు. కుర్చీలోంచి లేవాలంటే ముందు టేబుల్ని పట్టుకుని, తరవాత గోడను పట్టుకుని, ఆ పైన దేవుణ్ణి తలుచుకుని లేచేవాడు. చెడ్డవాడు కాదు. చెయ్యి చాచే అలవాటు లేదు. అయితే ఏ కాగితం మీదా ముందుగా సంతకం పెట్టే అలవాటూ లేదు. పైవాళ్లు ఏమన్నా 'చిత్తం సార్' అనడం, కిందివాళ్లు ఏమడిగినా 'చూద్దాం' అనడం, ఈ రెండు మాటలతోనే సర్వీసంతా వెళ్లదీశాడు. కుళాయి కోసం వచ్చినవాళ్లు అతన్ని తిట్టుకుంటూ వెళ్లేవారు కాదు. పాపం మంచివాడు అనుకుంటూ ఒట్టి చేతులతో వెళ్లేవారు.

'సిబ్బంది వెన్ను కండరముల పటిష్ఠీకరణ, ప్రారంభ స్థాయి, అమలు గురించి' అనే ఉత్తర్వు సోమవారం వచ్చింది. వెన్ను నిటారుగా లేని ఉద్యోగి ప్రజలకు నిటారైన సేవ అందించజాలడనీ, కావున సిబ్బంది యావన్మందీ కార్యాలయ వేళల్లోనే బరువులెత్తి తమ వెన్నును అభివృద్ధి పరచుకోవలెననీ అందులో ఉంది. మధ్యాహ్నం దాకా సాధన, ఆ తరవాత వీలునుబట్టి ఆఫీసు పని.

శిక్షణ ఇవ్వడానికి బస్టాండు దగ్గర జిమ్ము నడిపే సాల్మన్ రాజును పిలిపించారు. అతను తన పని శ్రద్ధగా చేసే మనిషి. మొదటిరోజే కమిషనర్ గదిలో నిలబడి, కొత్తవాళ్లకు ముందు బరువే అక్కర్లేదని చెప్పాడు. నడుం గుండ్రంగా వంచకుండా తుంటి దగ్గర వంగడం నేర్పుతానన్నాడు. రబ్బరు పట్టీని ఛాతీ వైపు లాగుతూ భుజాల వెనక ఎముకలు దగ్గరికి తెచ్చుకోవడం, బోర్లా పడుకుని ఛాతీ, కాళ్లు కాస్త పైకి లేపడం, ఇలాంటివి కొన్నాళ్లు చేశాక చిన్న బరువు, అది అలవాటయ్యాక ఇంకాస్త. ఒకరోజు చేస్తే మర్నాడు రెస్టు.

కమిషనర్ అన్నీ విని తల ఊపారు. రెస్టు దగ్గర మాత్రం ఆగారు.

"రెస్టు అనే పదం ప్రభుత్వ ఉత్తర్వులో పడితే అపార్థాలకు తావిస్తుంది. దాన్ని 'భారరహిత విధి' అని రాద్దాం. ఆ విధి నిర్వహించే అధికారం గెజిటెడ్ హోదా ఉన్నవాళ్లకే ఉంటుంది."

సాల్మన్ రాజు తను తెచ్చిన రబ్బరు పట్టీని చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

బరువుల దగ్గర చిక్కు వచ్చింది. ఇనుప బరువులు కొనాలంటే ఆడిటు ఒప్పుకోదని అకౌంటెంటు చెప్పాడు. పురపాలక సంఘం తాళాలు కొనొచ్చు, పారలు కొనొచ్చు, ఊరికే ఎత్తి దించడానికి ఇనుము కొనడానికి వీల్లేదు. కమిషనర్ ఒక పూట ఆలోచించారు. ఆయనకు ఒక్కొక్కప్పుడు మెరుపులాంటి ఆలోచనలు వచ్చేవి, ఆ రోజు అలాంటిదే వచ్చింది. రికార్డు గదిలో నేల నుంచి పైకప్పు దాకా పెండింగు ఫైళ్లున్నాయి. వాటిని కొబ్బరితాళ్లతో మోపులుగా కట్టించారు. జనన ధ్రువపత్రాలు పలచగా ఉంటాయి కనక అవి కొత్తవాళ్లకు. ఇళ్ల ప్లాన్లు కాస్త చెయ్యి తిరిగినవాళ్లకు. అన్నిటికన్నా బరువైనవి నీటి కుళాయిల దరఖాస్తులు. తన విభాగం మోపు ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చిందని తెలిసి ముకుందరావుకు, అది తన చేతకానితనమే అయినా, ఎక్కడో కొంచెం గర్వంగా అనిపించింది.

మొదట్లో వాళ్లు పడ్డ పాట్లు చెప్పనలవి కాదు. పన్నుల విభాగంవాళ్లు వంగినవాళ్లు వంగినట్టే ఉండిపోయారు. వచ్చిన జనం అది మర్యాద అనుకుని తిరిగి నమస్కారాలు పెట్టారు. ముకుందరావు ఇంటికెళ్లి మంచం మీద వాలితే పక్కకు తిరగడానికి భార్య హైమావతి సాయం పట్టవలసి వచ్చేది. "ఆఫీసులో పని చెయ్యమంటే చెయ్యక, ఈ ఖర్మేమిటండీ" అని ఆవిడ వేడినీళ్ల కాపడం పెట్టేది.

కానీ సాల్మన్ రాజు అతన్ని వదల్లేదు. కమిషనర్ కంటపడకుండా, పెద్ద మోపు పక్కన పెట్టించి, పలచటి జనన ధ్రువపత్రాలతో మొదలుపెట్టించాడు. పొట్ట బిగించమనేవాడు, మోపును ఒంటికి దగ్గరగా తెచ్చుకోమనేవాడు, బలం కాళ్లలోంచి తీసుకోమనేవాడు. కొన్ని వారాలు గడిచాక ఒక ఉదయం ముకుందరావు వంటింట్లో నిండు గ్యాసు సిలిండరును ఎత్తి అవతల పెట్టాడు. పెట్టాక గాని తను చేసిందేమిటో అతనికి తెలియలేదు. హైమావతి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ రోజు అతను ఆఫీసుకు నడిచి వెళ్లాడు. దారిలో ఊళ్లో మేడల పైభాగాలు చూశాడు. చాలా ఏళ్లుగా అతను చూస్తున్నది వాటి గుమ్మాలే. ఆ లాడ్జీ ఎంత ఎత్తు లేచిందో కూడా అప్పుడే చూశాడు.

ఇలా వెన్నులు బాగుపడుతుంటే ఇంకో బెడద వచ్చిపడింది. ప్లాన్ల విభాగంలో ఒక గుమాస్తా, పాత అలవాటు కొద్దీ, ఎవరిదో ఇంటి ప్లాను మంజూరు చేసేశాడు. ఫైలు మోపులోంచి వెళ్లిపోయింది. మోపు తేలికైంది. తూకం వేయగానే విషయం బయటపడింది. సహోద్యోగుల కండర వికాసానికి ఉద్దేశపూర్వకంగా విఘాతం కలిగించినందుకు అతనికి మెమో ఇచ్చారు. ఇకపై ఏ ఫైలునైనా పరిష్కరించి తద్వారా కార్యాలయపు బరువును తగ్గించు చర్యలకు పాల్పడరాదనీ, పాల్పడవలసివస్తే దానికి సమానమైన బరువుగల పెండింగును ముందుగా సృష్టించవలెననీ సర్క్యులర్ తిరిగింది. ముకుందరావు దాని కింద 'చూశాను' అని సంతకం పెట్టాడు. ఆ ఒక్క సంతకం పెట్టడానికి అతనెప్పుడూ వెనకాడలేదు.

అలాంటి రోజుల్లో గున్నమ్మ వచ్చింది.

ఊరికి ఉత్తరాన కొండవాలున కట్టుకున్న ఇళ్ల వరసను మెట్లవీధి అంటారు. అక్కడ కుళాయిలు లేవు. నీళ్లు కావాలంటే కొండ కిందికి దిగి, పంపు దగ్గర పట్టుకుని, బిందెలు మోసుకుంటూ మెట్లన్నీ ఎక్కాలి. గున్నమ్మ తన ఇంటికీ, లేవలేని అత్తగారికీ, పక్కింటి చూలాలికీ కూడా మోసేది. కుళాయి కోసం ఆమె పెట్టుకున్న దరఖాస్తు ముకుందరావు దగ్గర ఎంతకాలంగా ఉందో ఇద్దరూ మరిచిపోయారు. ఆమె మాత్రం వస్తూనే ఉంది.

ఆమె వచ్చేసరికి ముకుందరావు తన విభాగం మోపు ముందు నిలబడి ఊపిరి బిగిస్తున్నాడు. ఆమెను చూసి కొంచెం సిగ్గుపడి, బిగించిన ఊపిరి వదిలేశాడు.

"అందులోనే ఉందా బాబూ, నా కాయితం?"

ఉందన్నాడు. తియ్యడానికి వీల్లేదని, తీస్తే తూకం తగ్గుతుందని ఎలా చెప్పాలో తెలియక, మోపు బరువుగా ఉందమ్మా, పైన బల్ల మీదికి ఎక్కించి చూడాలి, మనుషులు రావాలి, చూద్దాం, అన్నాడు. గున్నమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుంది. మోపు దగ్గరకొచ్చి, మోకాళ్లు మడిచి, తాడు పట్టుకుని లేపింది. తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది. "ఇదిగో బాబూ, ఇప్పుడు తియ్యండి" అంది.

సరిగ్గా అప్పుడే కమిషనర్ గుమ్మంలో ఉన్నారు. ఆయన ముఖంలో భక్తి కనిపించింది. ఆమె ఏ పద్ధతిలో శిక్షణ పొందిందని అడిగారు. గున్నమ్మకు ప్రశ్న అర్థంకాలేదు. నీళ్లు మోస్తాం బాబూ అంది. ఎన్నాళ్లుగా అని అడిగారు. పెళ్లయి వచ్చిన కాణ్ణుంచీ అంది. కమిషనర్ ముకుందరావు వైపు తిరిగి, మన విభాగం తెలియకుండానే ఇంత గొప్ప కార్యక్రమం నడుపుతున్నదా అని అతని చెయ్యి పట్టుకుని ఊపారు. గున్నమ్మ కాగితం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు ఆయన చెప్పగా ముకుందరావు చిత్తు ప్రతి రాశాడు. కుళాయిలు మంజూరు చేసిన పక్షంలో మెట్లవీధి మహిళల వెన్ను కండరములు క్షీణించు ప్రమాదం ఉన్నందున, ప్రజారోగ్య దృష్ట్యా ఆ వీధి దరఖాస్తులన్నిటినీ తిరస్కరించడమైనది. సాధకులకు భారము క్రమముగా పెంచుట శాస్త్రసమ్మతం గనుక, కొండ దిగువనున్న పంపును రైలు గేటు అవతలికి మార్చుటకు అంచనాలు తయారు చేయవలెను. రాస్తుంటే ముకుందరావు కలం రెండుచోట్ల ఆగింది. అయినా రాశాడు. కమిషనర్ 'శాస్త్రసమ్మతం' ముందు 'అత్యంత' చేర్చి సంతకం పెట్టారు.

గున్నమ్మకు సన్మానం కూడా ఏర్పాటు చేశారు. టౌన్ హాల్లో వేదిక వేసి, శాలువా కప్పి, 'వెన్ను రత్న' అనే బిరుదు ఇచ్చారు. ఆమె వెన్ను గరుడవలసకే వెన్నుదన్ను అని కమిషనర్ గంభీరంగా ఉపన్యసించారు. తరవాత ఆమెను రెండు మాటలు మాట్లాడమన్నారు. గున్నమ్మ మైకుకు దూరంగానే నిలబడింది, కానీ ఆమెది దూరానికి వినిపించే గొంతు.

"నా నడుం గట్టిదంతన్నారు. నాకు తెల్దు బాబూ. పడుకుంటే ఎల్లకిలా పడుకోనేను, లెగాలంటే గోడ పట్టుకోకుండా లెగనేను. ఆ గట్టిదనమేదో మీరే ఉంచుకోండి. నాకు కొళాయి ఇప్పించండి."

కమిషనర్ అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు. విజేతల్లో ఉండవలసిన వినయం ఇదేనని అన్నారు.

ముకుందరావు చప్పట్లు కొట్టలేదు. గోడ పట్టుకుని లేవడమంటే ఏమిటో ఆ హాల్లో అతని కన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. బయటికి వస్తూ సాల్మన్ రాజును అడిగాడు, మోస్తే బలం వస్తుందన్నావు కదా, ఆవిడకు రాలేదేమని. సాల్మన్ రాజు మోటారు సైకిలు స్టాండు తియ్యబోతూ ఆగాడు. "మీరు నొప్పనిపిస్తే దించేస్తారు గురువుగారూ. మర్నాడు కూర్చుంటారు. ఆవిడకి దించడానికి చోటేదీ? మెట్ల మధ్యలో దించితే ఇంటికాడ దాహం." అంతే చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మాట ముకుందరావును పట్టుకుంది. అన్నం తింటున్నప్పుడు హైమావతి మంచినీళ్ల గ్లాసు పెడితే దానివైపు చూస్తూ కూర్చున్నాడు. తను రాసిన చిత్తు ప్రతిలో ఒక్కో వాక్యమూ గుర్తుకొచ్చింది. అది కమిషనర్ చెప్పిందేగాని భాష తనది, ఆ చక్కటి వాక్య నిర్మాణం తనది. 'పంపును రైలు గేటు అవతలికి' అని రాసిన చెయ్యి కూడా తనదే. ఆ చేత్తోనే ఇంకొకటి రాయడానికి వీలవదా అనిపించింది.

రాశాడు. 'ఫైళ్ల మోపులతో సిబ్బంది ప్రారంభ స్థాయిని విజయవంతముగా అధిగమించినందున, తదుపరి స్థాయిగా, స్టోరులో నిరుపయోగముగా పడివున్న నీటి పైపులను మెట్లవీధి ఎగువకు మోయుట ద్వారా వెన్నునకు సంపూర్ణ వ్యాయామము లభించునని సవినయముగా మనవి. పైపులు వాలున దొర్లిపోకుండా ఒకదానికొకటి బిగించవలెను. చోరులబారిన పడకుండా భూమిలో పాతిపెట్టవలెను. బరువు తగ్గకుండా ఎల్లవేళలా నీటితో నింపి ఉంచవలెను. నింపిన నీరు మురిగిపోకుండా, ఇంటింటి ముందూ అవసరమైనప్పుడు బయటికి వదులుటకు మర ఒకటి అమర్చవలెను.'

కమిషనర్ చదివారు. మళ్లీ చదివారు.

"నీటితో నింపాలన్న ఆలోచన మీకెలా వచ్చిందండీ?"

సాల్మన్ రాజు చెప్పిన శాస్త్రంలోంచే సార్, అన్నాడు ముకుందరావు. కమిషనర్ సంతకం పెట్టి, ఈ ప్రణాళిక రాష్ట్రానికే ఆదర్శం కాగలదని అన్నారు.

పైపులు మోయడం గరుడవలస చాలాకాలం చెప్పుకుంది. పన్నులవాళ్లు, ప్లాన్లవాళ్లు, అకౌంటెంటు, అందరూ భుజాన పైపులేసుకుని మెట్లెక్కారు. మొదట విసుక్కున్నారు. పైకి వెళ్లాక ఆ వీధి ఆడవాళ్లు తాగడానికి నీళ్లిచ్చారు. ఆ నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో ఒక్కసారి వెనక్కి తిరిగి మెట్లు చూసుకుంటే తెలిసింది. ఆ తరవాత ఎవరూ విసుక్కోలేదు. అకౌంటెంటు పారపట్టి మట్టి తవ్వాడు. ఆడిటు ఏమంటుందో అని ఎవరో అడిగితే, ఆడిటువాళ్లను ఈ మెట్లు ఎక్కమను, అప్పుడు మాట్లాడదాం అన్నాడు. ముకుందరావు అందరికన్నా బరువైన పైపు మోశాడు. సాల్మన్ రాజు పక్కనే ఉండి అతన్ని మధ్యమధ్యలో దింపించాడు.

గున్నమ్మ ఇంటిముందు మర తిప్పినప్పుడు ముందు గాలి వచ్చింది. తరవాత ఎర్రనీళ్లు. తరవాత మంచినీళ్లు. గున్నమ్మ బిందె పెట్టలేదు. దోసిలి పెట్టింది. పక్కనున్న నిండుచూలాలు గడపమీద కూర్చుని ఏడ్చింది. ముకుందరావు ఏం చెయ్యాలో తెలియక కొండ కింద ఊరిని చూస్తూ నిలబడ్డాడు.

కొద్దిరోజులకే కమిషనర్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. శిక్షణకు కొత్త బ్యాచి సిద్ధమైంది, పైపులు తవ్వి కిందికి దించితే మళ్లీ వీళ్లచేత మోయించవచ్చు. ఆ సంగతి చూడటానికి స్వయంగా మెట్లవీధి ఎక్కారు. దారిపొడుగునా ఒక్క ఆడమనిషీ బిందెతో ఎదురుపడలేదు. పైన పిల్లలు కుళాయి కింద ఒకరిమీద ఒకరు నీళ్లు చల్లుకుంటున్నారు. ఆయనకు అప్పుడు అర్థమైంది. వెనకనున్న ముకుందరావు వైపు తిరిగారు.

"వీధి వీధంతా కుళాయిలు వేసేశారు. మొత్తం తీయించండి. రేపటికల్లా."

ముకుందరావు నోట్లో 'చిత్తం' అనే మాట సిద్ధంగా ఉంది. అది అక్కడ ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. గున్నమ్మ తన గడప దగ్గర నిలబడి అతన్నే చూస్తోంది. అతను పొట్ట బిగించాడు. భుజాలు వెనక్కి వెళ్లాయి.

"తియ్యను సార్" అన్నాడు.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. కమిషనర్ చాలాసేపు అతన్ని కింది నుంచి పైకి చూశారు. చుట్టూ తిరిగి వెనకనుంచి కూడా చూశారు. కోపం వస్తుందనుకున్నాడు ముకుందరావు. వచ్చినట్టే ఉంది. కానీ దాంతోపాటు ఇంకేదో కూడా వచ్చింది.

"మెడ నిటారుగా ఉంది. భుజాలు సమంగా ఉన్నాయి. ఎక్కడా వంపు లేదు" అని పక్కనున్న గుమాస్తాతో రాయించారు. "కార్యక్రమం ఫలించినట్టు నివేదికలో చేర్చండి."

మరుసటి రోజు ముకుందరావుకు రెండు కాగితాలు ఒకే కవరులో అందాయి. ఒకటి, వెన్ను దృఢత్వంలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడైనట్టు యోగ్యతాపత్రం. రెండోది, పై అధికారి ఆదేశాన్ని నిటారుగా నిలబడి ధిక్కరించినందుకు, కార్యాలయపు పెండింగును అక్రమంగా తగ్గించినందుకు ఛార్జి మెమో. శాఖాపరమైన విచారణ మొదలైంది. దాని మొదటి ఉత్తర్వు విచారణాధికారి రాశాడు. మెట్లవీధిలోని పైపులు, మరలు, వాటిలోని నీరు సహా, ఈ కేసులో ముఖ్యమైన సాక్ష్యాధారాలు గనుక విచారణ ముగిసేవరకు వాటిని ఎవరూ కదపరాదు, తవ్వరాదు, వాటి ప్రస్తుత స్థితికి ఎట్టి భంగమూ కలిగించరాదు.

ముకుందరావు ఆ ఉత్తర్వును శ్రద్ధగా చదివి, జేబులో పెట్టుకుని, మెట్లవీధి ఎక్కి గున్నమ్మకు అర్థమయ్యేలా చెప్పాడు. ఉద్యోగం పోతాదా బాబూ అని ఆమె భయపడింది. పోవచ్చు, పోకపోవచ్చు, విచారణ తేలాలి కదా అన్నాడు. ఎప్పటికి తేల్తాదని అడిగింది. తన మొదటి వాయిదా వచ్చే నెలలో ఉందని, సాక్షులు చాలామంది ఉన్నారని, పైపులు మోసినవాళ్లందరూ ఒక్కొక్కరే వచ్చి తీరిగ్గా వాంగ్మూలం ఇవ్వడానికి ఒప్పుకున్నారని చెప్పాడు. అకౌంటెంటు ఒక్కడే మూడు వాయిదాలు మాట్లాడతానన్నాడట.

గున్నమ్మ అరుగు మీద చోటు చూపించింది. కుళాయి తిప్పి, గ్లాసు తొలిచి, నీళ్లు పట్టి ఇచ్చింది.

"తొందరేటి బాబూ" అంది. "సల్లగా సాగనీండి."